కాలువ కట్టేసేలోగా ఒక్క షాటు

నా సినిమాకి మాటలు రాసుకోలేదు. ఒక మనిషి వాళ్ల నాన్నగారి పడక కుర్చీని తల మీద పెట్టుకుని కాలువగట్టు వెంట నడిచి వెళుతుంటాడు. కుర్చీ పేము తెగిపోయింది. దాన్ని మళ్లీ అల్లించాలి. దారిలో ఎవరూ అతన్ని పట్టించుకోరు. కథ అంతే. మొత్తం పది నిమిషాల లోపే.

ఇది నా కథ కాదని ముందే చెబుతున్నాను. మా తాతగారి పడక కుర్చీకి పేము నిక్షేపంగా ఉండేది. సినిమా కోసం నేనే బ్లేడుతో కోశాను. కోస్తుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసింది.

"అదేంటండీ, కుర్చీ కోసేస్తన్నారు?"

"చిరిగిన కుర్చీ కావాలి."

"చిరిగిన కుర్చీలు ఊళ్లో కరువా అండీ? మనకున్నదే ఒకటి."

"మళ్లీ అల్లిస్తాను."

"ఎవరిచేత?"

బ్లేడు పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగలేదు. అప్పుడు నా ఒంట్లో ఉన్న హుషారు అలాంటిది. పెళ్లిలో కూడా నేనంత హుషారుగా లేనని ఆవిడ తరవాత మా పక్కవాటా వాళ్లతో అన్నదట.

మా ఇంటి పేరు ఇక్కడ రాయను. రాజోలు దగ్గర ఆ కాలువకి రెండు వైపులా కనుచూపు మేర ఒకప్పుడు మావే చేలు. ఇప్పుడు లేవు. ఎలా పోయాయో అడిగినవాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. రాజోలులో అద్దెవాటాలో ఉంటాము. తాటిపాకలో ట్రాక్టరు సామాన్లు అమ్మే దుకాణంలో నాకు ఉద్యోగం. దుకాణం యజమాని నాకన్నా చిన్నవాడు, నన్ను గారూ అనే పిలుస్తాడు. ఇస్త్రీ లేని చొక్కాతో నేను ఒక్కనాడూ ఆ మెట్లెక్కలేదు.

సినిమా తీయాలన్న కోరిక ఎక్కడిదంటే చెప్పలేను. ఫోను మార్చుకున్న రోజు, కొత్త ఫోనులో కెమెరా ఎలా ఉందో చూద్దామని కాలువ వంతెన మీంచి కాసేపు నీళ్లు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ నీళ్లు నేను రోజూ చూసే నీళ్లలా లేవు. ఎవరో చాలా శ్రద్ధగా చూసిన నీళ్లలా ఉన్నాయి. ఆ చూసినవాణ్ని నేనేనా అని నాకు ఆశ్చర్యం కలిగింది. ఆ వారమంతా దుకాణంలో బేరింగులు చూపిస్తున్నా, బిల్లు రాస్తున్నా నా కళ్లు అన్నిటి చుట్టూ చట్రాలు బిగిస్తూనే ఉన్నాయి. తలుపు సందులోంచి పడే ఎండ, గ్రీజు అంటిన వేళ్లు, తక్కెడ మీద వాలిన ఈగ. యాభయ్యో పడిలోకి వస్తున్న మనిషికి లోకం కొత్తగా కనబడడం కన్నా అదృష్టం ఉంటుందని అనుకోను.

ఒంటరిగానే తీయాలని మొదటే నిర్ణయించుకున్నాను. మా ఇంట్లో మగవాళ్లకి ఇంకొకరిని సాయం అడిగే అలవాటు లేదు. అడగడం నేర్చుకునే వయసు నాకు దాటిపోయింది. కాబట్టి నటించేది నేనే, తీసేది నేనే, అతికించేది నేనే. అమలాపురంలో మూసేస్తున్న ఒక ఫోటో స్టూడియోలో ముక్కాలి స్టాండు కొన్నాను. దాని ఒక కాలు బిగుసుకోదు. కొబ్బరితాడుతో కట్టుకున్నాను. వెలుతురు మొహం మీదికి కొట్టడానికి అట్టముక్కకి బిస్కట్ల పెట్టెలోని వెండి కాగితం అతికించాను. అది గాలికి ఎగిరి మొదటి రోజే కాలువలో పడింది. మిగతా సినిమా సూర్యుడి దయ మీదే తీశాను.

ఇల్లు, గుమ్మం, కుర్చీని ఎత్తుకోవడం, వంతెన దాటడం, ఇవన్నీ స్టాండు నిలబెట్టి, ఫోను నొక్కి, పరుగెత్తి వెళ్లి చట్రంలో నిలబడి తీసుకున్నాను. పరుగెత్తి రావడంతో కొన్నిటిలో నా గుండెలు ఎగసిపడుతూ కనిపిస్తాయి. బరువు మోసేవాడికి ఆయాసం సహజమే కదా అని వాటిని ఉంచేశాను.

మిగిలింది ఒక్క షాటు. సినిమాకి అదే ప్రాణం. మనిషి గట్టు మీద నడుస్తుంటే, నీళ్ల మీంచి అతనితో పాటే ఒక చూపు నడవాలి. కింద కుర్చీ నీడ కాలువలో కదలాలి, వెనక కొబ్బరిచెట్లు ఒకటొకటిగా జరిగిపోవాలి. ఎక్కడా తెగకూడదు. గట్టు మలుపు నుంచి తూము దాకా ఒకే నడక. అది లేకపోతే నా దగ్గరున్నవన్నీ ఒట్టి ముక్కలు.

అప్పటికే రెండో పంట, దాళ్వా కోతలు అయిపోవచ్చాయి. కోతలవగానే మా కాలువలు కట్టేస్తారు. పైన నీళ్లు ఆపేస్తే మర్నాటికే సగానికి పడిపోతాయి, నాలుగైదు రోజుల్లో అడుగు బురద కనిపిస్తుంది. మళ్లీ నీళ్లు వచ్చేది తొలకరికే. అప్పటికి గట్టు మీద గడ్డి మారిపోతుంది, వెలుగు మారిపోతుంది, ఇప్పటిదాకా తీసిన వాటితో ఏదీ కలవదు. నా మొహం కూడా కలవకపోవచ్చు, గెడ్డం పెంచి ఉన్నాను మరి. నీళ్లుండగానే ఆ షాటు దొరకాలి.

నీళ్ల మీద నడిచే చూపు ఎలా? పెద్ద సినిమాలవాళ్లకి పట్టాలుంటాయి, బళ్లుంటాయి, బళ్లు తోసేవాళ్లుంటారు. నాకు కాలువ ఉంది. ఒకప్పుడు ఈ కాలువల్లో ధాన్యం పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. నా చిన్నప్పుడు మా తాతగారు ఆ కుర్చీలోనే పడుకుని ఈ సంగతి చెప్పేవారు. పడవలు ఆయనవి, లాగినవాళ్లు వేరే. అది గుర్తొచ్చిన రోజు నేను అన్నం మధ్యలో లేచి నిలబడ్డాను.

రొయ్యలు ఎగుమతి చేసే థర్మకోల్ పెట్టె మూత ఒకటి తెచ్చాను. అడుగున నీళ్ల సీసాలు ఖాళీవి మూతలు బిగించి కట్టాను. పైన చెక్కముక్క, దాని మీద మోటారుసైకిలుకి బిగించే ఫోను క్లిప్పు. నా నడుముకీ దానికీ మధ్య గేలానికి వాడే నైలాను దారం, కెమెరాకి కనబడనంత సన్నంది. నేను నడిస్తే తెప్ప నాతో వస్తుంది. నేనే బండి, నేనే బండి తోసేవాణ్ని, నేనే కథానాయకుణ్ని.

మొదటిసారి పరీక్షకి ఫోను బదులు ఇటుకముక్క పెట్టి లాగాను. తెప్ప రెండడుగులు బుద్ధిగా వచ్చి, ముక్కు తిప్పి, తిన్నగా గట్టుకి వచ్చి గుద్దుకుంది. గట్టు మీంచి లాగితే గట్టుకే వస్తుంది కదా. పడవకి చుక్కాని పట్టే మనిషి ఎందుకుంటాడో అప్పుడు తెలిసింది. ఆ మనిషి నాకు లేడు. తెప్ప కింద రేకుముక్క ఏటవాలుగా బిగించాను. దారాన్ని ముక్కుకి కాక కాస్త వెనక్కి, పక్కకి మార్చి కట్టాను. మళ్లీ లాగాను. ఈసారి తెప్ప గట్టుకి దూరంగా జరిగి, నాతో సమానంగా, పక్కన నడిచే కుక్కపిల్లలా వచ్చింది. గట్టు మీద ఎవరూ లేరు కాబట్టి చెప్పొచ్చు, నేను గట్టిగా నవ్వాను. ఇటుకను తీసి ఫోను పెట్టి, క్లిప్పుని రెండుసార్లు లాగి చూసుకున్నాను. నాకున్న ఫోను అదొక్కటే. సినిమా అంతా అందులోనే ఉంది.

ఇక తీయడమే తరువాయి అనుకున్నాను.

పొద్దున్నే, ఎండ ఏటవాలుగా ఉన్న వేళ, తువ్వాలు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద కుర్చీని బోర్లించి ఎత్తుకున్నాను. పాతకాలపు టేకు. పొడుగు చేతులు. మెడ నిటారుగా లేకపోతే కుర్చీ నిలవదు. ఆ విషయంలో నాకు ఇబ్బంది లేదు. నడక మొదలైంది. తెప్ప కదిలింది. కొబ్బరిచెట్లు జరగడం మొదలుపెట్టాయి.

"అయ్యయ్యో, బాబుగారూ!"

గేదెల్ని కాలువలోకి తోలి గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒకడు కండువా జారిపోతున్నా లెక్కచేయకుండా పరుగెత్తుకు వచ్చాడు. మా చేలు కౌలుకి చేసినవాడు. నేను ఇంకా నడుస్తూనే ఉన్నాను. ఆయన వచ్చి కుర్చీ కాలు పట్టుకున్నాడు.

"ఇలాగివ్వండి. తవరు మొయ్యడమేంటండీ, మేం చచ్చిపోయేమా?"

"వదులు. సినిమా తీస్తున్నాను."

"సినిమాయా అండీ?" ఆయన చుట్టూ చూశాడు. "ఎవరూ లేరు కదండీ."

నీళ్ల మీద ఫోను చూపించాను. దాన్ని చాలాసేపు చూశాడు. ఈలోగా ఆయన గేదె ఒకటి నీళ్లలో లేచి తెప్ప దగ్గరికి వచ్చి ముక్కుతో వాసన చూసింది. ఆ రోజు నేను తీసినదాంట్లో బాగా వచ్చింది ఆ ముక్కే.

"ఆయ్, సినిమా అయితే మట్టుకు నిజంగా మొయ్యాలా అండీ?" అన్నాడు పెద్దాయన. "కుర్చీ కిందెట్టి, మోసేరని రాస్తే సరిపోద్ది. ఎవరు కాదంటారు?"

"మోస్తున్నట్టు కనిపించాలి."

"అయితే నేను మోస్తానండీ. నా మొకం చూపించకండి. మీ మొకం ఏరేగా తీసుకోండి."

వద్దని, ఇది నేనే చేయాల్సిన పని అని చెప్పాను. ఆయ్ అన్నాడు. నేను మళ్లీ వెనక్కి వెళ్లి మొదటినుంచి నడుస్తుంటే ఆయన కూడా నా వెనకాలే వచ్చాడు, కుర్చీ పడితే పట్టుకుందామని చేతులు రెండూ చాపుకుని. ఫోనులో చూస్తే ఏదో ఊరేగింపులా ఉంది.

మర్నాడు ఆటో. నా పక్కన ఆగింది, డ్రైవరు దిగాడు.

"కుర్చీ పైన కట్టేస్తానండీ, మీరెక్కండి. ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. నువ్వెళ్లు."

"మొహమాటపడకండి. మా నాన్న మీ దగ్గర పనిచేసేడండీ. మిమ్మల్ని ఇలా ఒదిలేసి ఎల్లేనని తెలిస్తే నాకు అన్నం పెట్టడు."

ఆ తరవాత ఉపాధి పనికి పోతున్న ఆడవాళ్లు. వాళ్లు ముట్టుకోలేదు. పక్కకి జరిగి, పారలు కిందికి దించి, నేను దాటేదాకా నిలబడ్డారు. చట్రంలో అదీ పనికిరాదు. దారిలో ఎవరూ పట్టించుకోని మనిషి కదా నాది. వాళ్లని దాటాక ఒకావిడ గొంతు తగ్గించి అంది, నీళ్ల పక్కన మాట ఎంత దూరం వెళుతుందో తెలియక.

"కుర్చీలు కూడా అమ్మేసుకుంటన్నారు కాబోలే, పాపం."

"ఊరుకో, ఇంటారు."

విన్నాను. నా మెడ వంగలేదు. కుర్చీ ఉంది కాబట్టి వంగే వీలూ లేదు. ఇంటికి వచ్చి ఆ రోజు తీసిందంతా చెరిపేశాను. మా ఆవిడ ఏమైందని అడిగింది. వెలుగు చాలలేదన్నాను.

ఇంకా పొద్దున్నే వెళదామంటే నిజంగానే వెలుగు చాలదు. కాస్త ఆలస్యమైతే ఎండ నడినెత్తికి వచ్చి కుర్చీ నీడ నీళ్లలో పడదు. ఆ మధ్య ఉన్న కాస్తసేపే ఊరంతా గట్టు మీద నడుస్తుంది, పాలవాళ్లు, బడికెళ్లే టీచర్లు, చేపలావిడ. అందరికీ నేను తెలుసు. అందరికీ మర్యాద తెలుసు. కోనసీమలో ఒక మనిషి బరువు మోస్తుంటే చూస్తూ పోవడం చాలా కష్టమని, అందులోనూ ఆ మనిషి ఫలానా అయితే అసలు కుదరదని నేను ముందు ఆలోచించలేదు.

ఈ లోపల కాలువ లస్కరు కనిపించాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం అతని పని. సైకిలు ఆపి నమస్కారం పెట్టి చెప్పాడు.

"ఎల్లుండి సాయంత్రం కట్టేస్తారటండీ. మీ సినిమా అయ్యిందా?"

"నీకెవరు చెప్పారు?"

"ఊరంతా అదే కదండీ."

ఎలా తెలిసిందో మర్నాడు పొద్దున అర్థమైంది. పెద్దాయన నాకు ఉపకారం చేయాలనుకున్నాడు. గట్టు మీద ఎవరూ అడ్డు రాకూడదని ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చాడు. ఎవరూ అడ్డు రాలేదు. కాలువకి రెండు పక్కలా వరసగా నిలబడ్డారు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, పళ్లు తోముకుంటున్నవాళ్లు, అవతలి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్న మా పాత కరణంగారి అల్లుడు. పెద్దాయన చేతికర్ర పట్టుకుని ముందు నిలబడి బందోబస్తు చేస్తున్నాడు.

"ఎనక్కి జరగండి. బాబుగారు మోసుకొస్తన్నారు. ఎవరూ సాయం పట్టకూడదు. పట్టేరంటే సినిమా పోద్ది."

"చూడొచ్చా?" అని ఒకామె అడిగింది.

"చూడు. ముట్టుకోకు."

ఏం చేయను? అంతమంది పొద్దున్నే లేచి వచ్చారు. వెనక్కి తిరిగి వెళితే వాళ్లని అవమానించినట్టు. కుర్చీ నెత్తిన పెట్టుకుని వాళ్ల ముందునుంచి మలుపు నుంచి తూము దాకా నడిచాను. కొందరు చేతులు జోడించారు. తెప్ప తూము దగ్గర గుర్రపుడెక్క ఆకుల్లో చిక్కుకుంటే, ముట్టుకోకూడదన్న మాట గుర్తుండి ఎవరూ కదల్లేదు, నేనే మోకాలి లోతు దిగి తీసుకున్నాను. ఆ షాటు ఎక్కడా తెగలేదు. వెలుగు బంగారంలా ఉంది. కానీ అందులో ఉన్నది నా మనిషి కాదు, పట్టాభిషేకానికి పోతున్న ఎవరో.

ఇక మిగిలింది ఒక్క రోజు. మా ఊళ్లో కుదరదు. రాజోలు చుట్టుపక్కల ఎక్కడా కుదరదు. ఉప్పలగుప్తం వైపు ఆలోచన వచ్చింది. సముద్రం దగ్గర, కాలువ చివర, రొయ్యల చెరువుల మధ్య. మలుపు, తూము, కొబ్బరి వరస అక్కడా ఉంటాయి, కాలువలన్నీ ఒక్క తల్లి పిల్లలే కదా, చూసేవాడు తేడా పట్టలేడు. అక్కడ ఎవరూ నన్ను గుర్తుపట్టకపోతే నా పని అవుతుంది. అయితే మా ఇంట్లో ఒక మాట ఉండేది. తాతగారి పేరు చెబితే సముద్రం దాకా తెలుసు అనేవారు. అమలాపురం మీదుగా ఆటోలో, పైన కుర్చీ కట్టుకుని, ఒళ్లో తెప్ప పెట్టుకుని వెళుతున్నంతసేపూ నాకు ఆ మాటే. ఎవరైనా గుర్తుపడతారేమోనని భయం. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి, ఎవరైనా గుర్తుపడితే బాగుండునని కూడా ఒక మూల ఉంది.

ఆటో నన్ను దింపి వెళ్లిపోయింది. గట్టు మీద మనుషులు తక్కువేం కాదు. చెరువుల్లో పనిచేసేవాళ్లు, వలలు భుజాన వేసుకున్నవాళ్లు, ఐసు పెట్టెల వ్యాను. నేను తెప్పని నీళ్లలో పెట్టి, ఫోను బిగించి, దారం నడుముకి కట్టుకుంటుంటే ఇద్దరు చూశారు.

"ఏవిటది?"

"నీళ్ల పరీక్ష అనుకుంటా. చెరువులోళ్లు."

వెళ్లిపోయారు. అంత తేలిక. ఎండ సరిగ్గా పడుతోంది. నీళ్లు అప్పటికే చెయ్యెడు తగ్గి, గట్టు వెంట తడి చార కనిపిస్తోంది. రేపు ఇదీ ఉండదు. ఫోను నొక్కాను. కుర్చీ ఎత్తాను.

మొదటి చెట్టు జరిగింది. రెండోది. తెప్ప పక్కనే వస్తోంది. దారం నడుము దగ్గర సన్నగా లాగుతోంది, ఎవరో చిటికెనవేలు పట్టుకున్నట్టు. ఎదురుగా వలలవాళ్లు వచ్చి నన్ను దాటి మాట్లాడుకుంటూనే పోయారు. ఒకడి భుజం కుర్చీ చేతికి తగిలింది. వాడు ఆగలేదు. ఇలాగే, ఇంకో చెట్టు, ఇంకో చెట్టు. తూము దూరంగా కనబడుతోంది. జీవితంలో నేనెప్పుడూ ఒక్క నడకలో అన్ని సంగతులు చూసుకుంటూ నడవలేదు. అడుగు, మెడ, దారం, ఎండ, చేతులు ఎటు పోతున్నాయో, కళ్లు ఎక్కడున్నాయో. అలిసిపోవడం మానేసి ఒళ్లంతా వెలుగుతున్నట్టుంది.

అప్పుడు వెనక హారను. మేత బస్తాలు వేసుకున్న మోపెడ్డు. గట్టు సన్నం. నేను మధ్యలో నడుస్తున్నాను. మధ్యలో నడవడం నాకు అలవాటు, నేను ఎప్పుడూ గమనించలేదు. మళ్లీ హారను, ఈసారి పొడుగ్గా.

"ఏవయ్యా కుర్చీ! నీ బాబుగాడి రోడ్డా? పక్కకి జరుగు."

నా వీపు ఎప్పుడూ వినని మాట అది. ఒక క్షణం అక్కడే ఆగి, కుర్చీ దించి, వెనక్కి తిరిగి నేనెవరో చెప్పాలని ఒళ్లంతా అంది. నా పేరు, మా తాతగారి పేరు, రెండూ నాలిక మీదికి వచ్చాయి. చెబితే అతను మోపెడ్డు దిగేవాడేమో. దిగకపోయేవాడేమో. రెంటిలో ఏది జరిగినా షాటు పోతుంది, కాలువ ఈ సాయంత్రం కట్టేస్తారు.

పక్కకి, నీళ్ల వైపుకి జరిగాను. గట్టు అంచున మట్టి జారి ఒక కాలు కిందికి పోయింది. కుర్చీ ఊగింది, చేత్తో పట్టుకుని నిలదొక్కుకున్నాను. మోపెడ్డు నా మోచేతిని రాసుకుంటూ వెళ్లింది. నడిపేవాడు కుర్రాడేం కాదు, నా ఈడువాడే. నా వైపు చూడను కూడా లేదు. చూడ్డానికేముంది, ఎవడో కుర్చీ మోసుకుపోతున్నాడు. నేను మళ్లీ నడిచాను. తూము దాటాక కుర్చీ దించి, దారం లాగి తెప్పని దగ్గరికి తెచ్చుకుని ఫోను ఆపాను. కోపమో సంతోషమో తేల్చుకోలేదు. తేల్చుకునే ఓపిక లేదు, చూడాలి ముందు.

చెట్టు నీడన ఫోను మీద తువ్వాలు కప్పుకుని చూశాను. నీళ్ల మీద కుర్చీ నీడ సాగిపోతోంది. చెట్లు జరుగుతున్నాయి. మనిషి వస్తున్నాడు. హారనుకి మొదట అతని భుజాలు బిగుసుకున్నాయి, ఆ తరవాత ఏదో నిర్ణయించుకున్నట్టు అంచుకి జరిగాడు, తూలాడు, నిలబడ్డాడు, నడిచాడు. అది నేను నటించింది కాదు, ఎన్ని రోజులు కష్టపడ్డా నటించగలిగేదీ కాదు. నేను వెతుకుతున్న మనిషి అతనే. మూడుసార్లు చూసి, మా ఆవిడకి ఫోన్ చేసి దొరికింది అన్నాను. ఏం దొరికింది అని అడిగింది. వచ్చి చూపిస్తానన్నాను.

ఆ సాయంత్రం వాటా అరుగు మీద చూపించాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని కూర్చుంది. మోపెడ్డు మాట దగ్గర తలెత్తింది. నీళ్ల మీద మాట ఎంత స్పష్టంగా పడిందంటే పక్కవాటాలో కూడా వినిపించి ఉంటుంది.

"ఎవడండీ వాడు? మిమ్మల్ని అంత మాట అన్నాడు."

"తెలీదు."

"మీరేమన్నారు?"

"జరిగాను. చూశావుగా."

ఆవిడ ఫోను నా వైపు తోసింది. "ఆ మాట తీసేయండి. బొమ్మ ఉంచండి, మాట తీసేసి పాటేదైనా పెట్టండి. మన ఊరివాళ్లు చూస్తారు. పెద్దాయన చూస్తాడు. మామగారి పేరెత్తినట్టుంది."

"సినిమాలో ఉన్నది నేను కాదు కదా."

"మీరు కాకపోతే మరి జరిగిందెవరండీ?"

ఆ రాత్రి భోజనం అయ్యాక సినిమా అతికించడం పూర్తిచేశాను. మాట తీసేయడం ఎలాగో తెలుసు, వేలితో ఒక గీత కిందికి లాగితే చాలు. ఆవిడ మాట తోసేయలేక ఒకసారి లాగి కూడా చూశాను. శబ్దం లేకుండా ఆ మనిషి ఊరికే తూలినట్టున్నాడు, కాలు జారిన ముసలాడిలా. ఎందుకు జరిగాడో తెలియదు. ఏం మింగాడో తెలియదు. గీతని మళ్లీ పైకి జరిపాను. ఇంకా కొంచెం పైకి జరిపాను, స్పష్టంగా వినబడేలా.

మర్నాడు దుకాణానికి వెళ్లేముందు పెద్దాయన ఇంటికి వెళ్లి ఫోను చేతికిచ్చాను. ముందు ఆయనే చూడాలనుకున్నాను. అరుగు మీద గొంతుక్కూర్చుని, దూరంగా పెట్టుకుని చూశాడు. హారను, ఆ మాట. ఆయన దవడ కదిలింది. ఫోను మీంచి కళ్లెత్తి నా మొహంలోకి చూశాడు, నేను ఏమంటానో అని. నేను నిటారుగా నిలబడి ఉన్నాను.

"నిజంగా జరిగేరా అండీ?"

"జరిగాను."

మిగతాది చూడ్డానికి ఆయన మళ్లీ తల దించాడు.